అమెరికా కారు దప్పిక

ఏడాదికని దంచి డబ్బాకెత్తిన పసుపు ఉగాదికే అడుగంటింది. శ్యామలమ్మ మళ్ళీ రోలు దగ్గర కూర్చుంది. ఇంట్లో పెళ్ళి లేదు, పేరంటం లేదు. ఆ పసుపంతా కారు తాగింది. కారు ముందుభాగంలో నీళ్ళుండే పెట్టె ఒకటుంది, రేడియేటరంటారు. దానికి కంటికి ఆననంత సన్న చిల్లులు పడ్డాయి. మెత్తటి పసుపు కలిపి పోస్తే చిల్లులు పూడుకుంటాయని మార్కాపురంలో లారీ తోలేవాడెవడో ఆమె మొగుడు రంగనాయకులుకు చెప్పాడు. చెప్పినవాడు చెప్పిపోయాడు, విన్నవాడు విని ఇంటికొచ్చాడు, దంచడం మాత్రం శ్యామలమ్మ వంతయింది. మామూలుగా దంచితే పనికిరాదు. పాత చీర గుడ్డలో వేసి జల్లించాలి, పలుకు మిగిలితే గొట్టంలో అడ్డం పడుతుందట. పెళ్ళినాడు ఆమెకు పెట్టిన నలుగులో కూడా అంత మెత్తటి పసుపు లేదు.

అరుగు మీద నుంచి అత్త లక్ష్మీనరసమ్మ ఓ కన్ను ఇటే వేసి ఉంది. రేపు రోడ్ల ఇంజనీరయ్య వస్తాడనీ, ఆయన్ను ఎక్కించుకున్న కారు దారిలో నిలబడిపోతే కొడుకు పరువు పోతుందనీ, చేయి కాస్త గట్టిగా ఆడించమనీ చెప్పింది. కొడుకు పరువు కోడలి రెక్కల్లో ఉందని ఆవిడకు బాగా తెలుసు. ఆ రెక్కలకు నొప్పి ఉంటుందన్న సంగతే తెలియదు.

కర్నూలు రాజధానిగా ఉన్నన్నాళ్ళు అక్కడ వెలిగిన ఓ పెద్ద ఆఫీసరు, రాజధాని హైదరాబాదుకు ఎత్తేసినప్పుడు మంచాలూ బీరువాలతో పాటు అమ్ముకుపోయిన కారది. అమెరికాలో తయారైందట. కంపెనీ పేరుకు ఊళ్ళో ఎవరికీ నోరు తిరగక అమెరికా కారు అనేశారు. మరీ పడవంతదీ కాదు, మరీ చిన్నదీ కాదు, నడిమి రకం. కానీ దొరల సొమ్ము. లోపల తోలు సీట్లు, ముందు నిగనిగలాడే చెక్కపలక, అందులో ఒక గడియారం. కొన్ననాటికే ఆ గడియారం ఆగిపోయి ఉంది. వెనక ఎడమ తలుపు లోపలి నుంచి తెరుచుకోదు, బయటి నుంచి ఎవరైనా తీయాలి. శ్యామలమ్మను కూర్చోబెట్టేది ఆ తలుపు పక్కనే. ఏ చిన్న సామాను పోయినా మద్రాసు నుంచి రావాలి. కొత్త రేడియేటరు కూడా మద్రాసు నుంచి వస్తోంది, చలికాలం నుంచీ వస్తూనే ఉంది. ఇదంతా కొనేముందు చూసుకోలేదా అని ఆమె ఒకసారి అడిగింది. "కార్ల సంగతి నీకేం తెలుసు, పో, అన్నం పెట్టు," అన్నాడు రంగనాయకులు. కార్ల సంగతి ఆయనకూ తెలియదని ఆమెకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. అన్నం పెట్టింది.

కొత్త రాష్ట్రం వచ్చింది, ఊరూరికీ రోడ్లు పడతాయి, బస్సు దిగి నడిచొచ్చే కంట్రాక్టరుకు ఏ ఆఫీసరూ కుర్చీ వేయడని ఆయన లెక్క. అందుకే కారు. పొద్దున లేచి ఇంటి ముందు కళ్ళాపి చల్లకముందే కారు తుడవాలి. ఊళ్ళో మంచినీళ్ళ బావి ఎండి, అరమైలు అవతల చేలో బావి నుంచి బిందెలు మోసుకొచ్చే రోజుల్లో కూడా మొదటి బిందె కారుకే. అద్దానికి స్వామి పటం కట్టారు కాబట్టి నెలలో దూరం కూర్చున్న రోజుల్లో ఆమె దాన్ని ముట్టుకోకూడదు. దాని చాకిరీ నుంచి ఆమెకు సెలవు ఆ రోజులే. చలికాలంలో ఆమెకు రెండోసారి కడుపు జారిపోయినప్పుడు మార్కాపురం ఆస్పత్రికి తీసుకుపోయింది ఆ కారులోనే. తోలు సీటు పాడవుతుందని గోనెసంచులు పరిచి పడుకోబెట్టాడు. దారి పొడుగునా వెనక్కి తిరిగి తిరిగి చూశాడు. తనకోసమే చూస్తున్నాడనుకుని, పిచ్చిది, ఆమె నొప్పిలోనే నవ్వబోయింది. "సంచి జరగనీకు, ఇటుపక్కకు లాక్కో," అన్నాడు. లేవగలిగిన రోజున ఆ సీటు మళ్ళీ తుడిచింది కూడా ఆమే.

అయినా వాడలో ఆడవాళ్ళు ఆమెను చూసి కుళ్ళుకునేవాళ్ళు. మొగుడు ఏ ఊరికి పోయినా పక్కన పెళ్ళాం ఉండాల్సిందే, ఎంత ప్రేమో చూడండని. నిజం చెప్తే ఎవరూ నమ్మరని ఆమె చెప్పలేదు. నిజమేమిటంటే కారు పది మైళ్ళకోసారి పొగలు కక్కి నిలబడుతుంది. నీళ్ళ డబ్బాలు లోపల పెట్టుకుంటే లారీ మాదిరి గలగలమంటాయని ఆయనకు నామోషీ. ఇంటి నుంచి ఒక ఇత్తడి బిందె మాత్రం తెస్తారు, అది సగం దారికే ఖాళీ. ఎండాకాలం ఈ పడమటి పల్లెల్లో కారు దిగిన మగవాడు నీళ్ళడిగితే ఎవరిస్తారు? మనుషులకే లేవు, ఇనుముకెక్కడివని ఓ ముసలాయన ఆయన మొహం మీదే అన్నాడు. ఆ రోజు నుంచి పెళ్ళాం లేకుండా రంగనాయకులు దూరం పోలేదు. నుదుట బొట్టుతో, చంకన బిందెతో ఓ ఇల్లాలు బావి దగ్గరికొచ్చి దప్పికంటే ఏ ఆడది కాదంటుంది? ఆమె సింగారించుకుని కారెక్కేది ఈ ముష్టి కోసం.

కొన్నాళ్ళు దప్పికనే చెప్పింది. ఎండ ముదిరాక దప్పికంటే దోసిలి పట్టమంటున్నారు గాని బిందెలో పోయడం లేదు, ఆమె తాగకుండానే ఖాళీ బిందెతో తిరిగొస్తోంది. అప్పుడు రంగనాయకులు కొత్త మాట నేర్పాడు. యర్రగొండపాలెం దారిలో ఓ గొర్రెల కాపరుల పల్లె పక్కన కారు ఆగినప్పుడు, తలుపు తీసి, "పిల్లోడున్నాడని చెప్పు. పిల్లోడంటే బిందె నింపుతారు," అన్నాడు. ఆమె ఆయన మొహంలోకి చూసింది. గోనెసంచుల సంగతి అక్కడ ఏ మూలైనా ఉందేమోనని వెతికింది. ఏమీ లేదు. ఎండ ఉంది, తొందర ఉంది.

చెప్పింది. ఆ మాట నోట్లోంచి ఎట్లా వచ్చిందో ఇప్పటికీ ఆమెకు అర్థం కాదు. కారులో పిల్లోడున్నాడు, దప్పికకు ఏడుస్తున్నాడని చెప్పింది. చెబుతుంటే కళ్ళలో నీళ్ళు నిజంగానే తిరిగాయి, దాంతో అబద్ధం ఇంకా బాగా అతికింది. బావి అడుగున చేద రాతికి గీసుకుంటోంది, ఒక్కో చేదకు చెంబెడు నీళ్ళు వస్తే గొప్ప. మస్తానమ్మ అనే పెద్దావిడ పొద్దుటి నుంచీ కాచుకుని చేదుకున్న అరబిందె నీళ్ళు, మారుమాట లేకుండా ఈమె బిందెలో వంచేసింది.

"మా గొర్రెపిల్లలు ఒక పూట ఓర్చుకుంటాయిలే తల్లీ. పసిబిడ్డ ఓర్చుకుంటాడా," అన్నది.

అంతటితో ఆగినా బాగుండేది. బిడ్డను చూస్తానంటూ కొంగున మూట కట్టుకున్న బెల్లం ముక్క విప్పుకుంటూ కారు దాకా వెంట వచ్చింది. శ్యామలమ్మ వద్దనకుండా బిందె మోసుకుంటూ ముందు నడిచింది. రంగనాయకులు బిందె లాక్కుని గుడగుడమని కారు నోట్లో పోసేశాడు. కింద నుంచి పచ్చటి పసుపు నీళ్ళు ధారగా కారి రోడ్డు మీద దుమ్ములో ఇంకిపోయాయి. మస్తానమ్మ ముందు సీటు చూసింది, వెనక సీటు చూసింది, వంగి సీట్ల కింద కూడా చూసింది.

"పిల్లోడేడి తల్లీ?" అన్నది.

రంగనాయకులు నవ్వాడు. "ఇదిగో, ఈ కారే మా పిల్లోడు. దీనికే దప్పిక," అన్నాడు.

మస్తానమ్మ తిట్టలేదు. బెల్లం ముక్క మళ్ళీ కొంగున కట్టుకుని, శ్యామలమ్మ వైపు ఒక్కసారి చూసి, ఖాళీ బిందెతో బావి దగ్గరికి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే ఆ తిట్టు అక్కడితో పోయేది. ఆ చూపు మాత్రం కారెక్కి ఈమెతో పాటు ఇంటికొచ్చింది. ఇంటికొచ్చాక రంగనాయకులు ఆ ముచ్చట పదిమందికీ చెప్పి నవ్వించాడు. లక్ష్మీనరసమ్మ కూడా నవ్వి, నవ్వు తుడుచుకుంటూ, "నీ కడుపున ఒకడు నిలిచింటే వానికే పోసుకుందుము గదా మే," అన్నది. శ్యామలమ్మ ఆ పూట ఎసట్లో బియ్యం వేస్తూ, ఇంకెక్కడైనా ఏమైనా అడుగుతాను గాని, లేని బిడ్డ పేరు చెప్పి మళ్ళీ నీళ్ళడగనని తనలో తాను అనుకుంది. పైకి చెప్పలేదు. ఆ ఇంట్లో ఆమె మాట పైకి వస్తే అడ్డం పడటానికి అందరూ కాచుకుని ఉంటారు.

రేపటి ప్రయాణం ఆ దారినే.

తెల్లవారకముందే లేచి వండిన పులిహోర, గారెలు, పెరుగన్నం క్యారియర్లలో సర్ది, బిందె కాళ్ళ మధ్య పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. ఇంజనీరు పేరు నిత్యానందం. కోస్తా వైపు మనిషి, మర్యాదస్థుడు. ముందు సీటు తోలు మీద చేయి వేసి రాసి, ఇంత దర్జా బండి హైదరాబాదులో కూడా అరుదన్నాడు. అమ్మగారు కూడా వస్తున్నారా అని అడిగాడు.

"మా ఆడామెకు కారంటే ప్రాణం సార్. ఇడిసిపెట్టి ఉండలేదు," అన్నాడు రంగనాయకులు.

శ్యామలమ్మకు ఒళ్ళు మండింది. వెనక నుంచి ఆ బోడి క్యారియరు తీసి ఆయన నెత్తిన కొట్టాలనిపించింది. క్యారియరు మూత గట్టిగా ఉందో లేదో చూసుకుని ఊరుకుంది. ఇంజనీరు చూడాల్సిన చోటు, కొత్త రోడ్డు కింద వాననీళ్ళు పోయే మోరీ కట్టాల్సింది, ఇంకా ముందుంది. దోర్నాల దాటేసరికే బిందె ఖాళీ అయింది. కొండవైపు నుంచి వేడిగాలి కొడుతోంది. సరిగ్గా ఆ పల్లె దగ్గరే, పసుపు కూడా కాపాడలేక, కారు బుస్సుమని పచ్చటి ఆవిరి వదిలి ఆగిపోయింది. ఇంజనీరు చేతిరుమాలుతో ముక్కు మూసుకుని దిగి చెట్టు నీడకు పోయాడు. రంగనాయకులు ఆయనకేదో సర్దిచెప్పి, వెనక్కొచ్చి, ఎడమ తలుపు తీశాడు. ఆ తలుపు ఆయన ఆమెకోసం తీసేది నీళ్ళకు పంపేటప్పుడే.

"పో. పిల్లోడనే చెప్పు," అన్నాడు మెల్లగా.

"ఆయమ్మ పోయినసారి చూసింది గదా."

"గొర్రెలు కాసుకునేటోళ్ళు, వాళ్ళకేం గుర్తుంటాది. తొందరగా రా, ఇంజనీరు కాచుకోనుండాడు. నా రోడ్డు పోతే నీదే పాపం."

బిందె తీసుకుని నడిచింది. అడుగు తీసి అడుగు వేస్తుంటే కోపం కాళ్ళ నుంచి పైకి పాకుతోంది. ఈయన రోడ్డు, ఈయన కారు, ఈయన ఇంజనీరు, ఈయన పరువు. అబద్ధం మాత్రం తనది. పాపం కూడా తనకే రాసిచ్చాడు. బావి చుట్టూ ఆడవాళ్ళు నాటిలాగే ఖాళీ బిందెలు వరసగా పెట్టుకుని కూర్చున్నారు. చేంతాడు మస్తానమ్మ చేతిలో ఉంది. ఈమెను చూడగానే మస్తానమ్మ కళ్ళు చిన్నవయ్యాయి. గుర్తుంది. ఎందుకుండదు?

"ఈ పొద్దు గూడ పిల్లోడేనా?" అన్నది. మిగతా ఆడవాళ్ళు తలలు తిప్పి చూశారు.

"పిల్లోడు లేడు పెద్దమ్మా," అన్నది శ్యామలమ్మ. "ఆ పొద్దూ లేడు. రెండుసార్లు కడుపున పడి పోయినారు. నాతోని అట్ల చెప్పిచ్చినారు, నేను చెప్పినా. తప్పు నాది గూడ."

 మస్తానమ్మ చేద పైకి లాగి గట్టు మీద పెట్టింది.

"మరి ఇప్పుడు నీళ్ళెవురికి?"

శ్యామలమ్మ చంకలో బిందె తీసి బోర్లించి పెట్టింది. ఇన్ని ఊళ్ళ బావుల దగ్గర దప్పిక, దప్పిక అంటూ తిరిగింది గాని, ఆ నీళ్ళతో తన గొంతు తడుపుకున్నది ఒక్కనాడూ లేదని అప్పుడు గుర్తొచ్చింది. ప్రతి చుక్కా మోసుకుపోయి పోసింది.

"నాకు," అంది.

వంగి దోసిలి పట్టింది. మస్తానమ్మ పోసింది. బురద వాసన, రాతి చల్లదనం. తాగింది. రోడ్డు మీద హారను మోగింది. ఇంకొంచెం పొయ్యమంది. మళ్ళీ మోగింది. మెడ మీద, రవిక మీద నీళ్ళు కారుతుంటే కళ్ళు మూసుకుని గటగటా తాగింది. మూడోసారి హారను మోగలేదు. తెల్ల పంచె ఎగగట్టుకుని రంగనాయకులే వచ్చాడు. బోర్లించిన బిందెను చూశాడు, తడిసిన ఆమె మొహాన్ని చూశాడు.

"ఏంది మే ఇది? నీళ్ళేవి?"

"నేను తాగినా," అంది శ్యామలమ్మ. "కారుకు గావాలంటే నువ్వే అడుగు."

 చుట్టూ ఇంతమంది ఆడవాళ్ళు, అందరివీ ఖాళీ బిందెలు, అందరి కళ్ళూ ఆయన మీదే. అవతల చెట్టు కింద ఇంజనీరు గడియారం చూసుకుంటున్నాడు. మస్తానమ్మ చేంతాడు చేతికి చుట్టుకుని, చెప్పు నాయనా, ఎవరికి దప్పికన్నట్టు నిలబడింది. ఎట్లా అడుగుతాడో విందామని శ్యామలమ్మ కొంగుతో మూతి తుడుచుకుని, వెళ్ళి ఆ ఆడవాళ్ళ వరసలో కూర్చుంది.