పన్నెండో నంబరు ప్లాట్‌ఫారం

ఐదు చొక్కాలు ఇస్త్రీ అయ్యేసరికి గిరిజ మచిలీపట్నం చేరుకునేది. మొదటి చొక్కా కాలరు దగ్గర కంకిపాడు, రెండోదాని చేతుల దగ్గర ఉయ్యూరు, మూడోదానికి పామర్రు, ఆపైన నిడుమోలు, గూడూరు. "మీదుగా మచిలీపట్నం వెళ్ళు ఎక్స్‌ప్రెస్ బస్సు పన్నెండవ నంబరు ప్లాట్‌ఫారంపై సిద్ధంగా ఉన్నది" అనేసరికి ఇస్త్రీపెట్టె ఆఖరి బొత్తాం చుట్టూ తిరిగి వచ్చేది. ఆరిజోనా రాష్ట్రం, చాండ్లర్ ఊళ్ళో, పిట్ట కూడా బయటికి రాని ఎండలో, అపార్ట్‌మెంట్ తలుపులన్నీ మూసుకుని ఒక మనిషి గొంతెత్తి బస్సులు పంపుతోందంటే నవ్వేవాళ్ళు నవ్వుతారు. ఆ గొంతు తుప్పు పట్టిపోతుందేమోనని ఆమె భయం ఆమెది.

పెళ్ళికి ముందు ఆరేళ్ళు గిరిజ విజయవాడ బస్టాండులో అనౌన్సరు. కాంట్రాక్టు ఉద్యోగమే, అయితేనేం, ఒక్క గుక్కలో పదిహేడు ఊళ్ళు చెప్పేది. ఒక్క అక్షరం జారేది కాదు. ఆమె గొంతు విని చంకన పిల్లల్ని, నెత్తిన మూటల్ని పెట్టుకుని జనం పరిగెత్తేవాళ్ళు. పెళ్ళిచూపుల్లో అత్తగారు లక్ష్మీకాంతం కాఫీ గ్లాసు కింద పెట్టి, "నలుగురూ వినే గొంతు ఇంటి కోడలికెందుకమ్మా, మానేయ్" అంది. మొగుడు శశికాంత్ అంత కటువు మనిషి కాదు. కంప్యూటరు చిప్పులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు, మెత్తగా మాట్లాడతాడు. స్నేహితులకి పరిచయం చేస్తూ, "మా గిరిజ ఇండియాలో మీడియాలో చేసేది" అన్నాడు. మొదటిసారి ఆమెకి నవ్వొచ్చింది. మూడోసారికి రాలేదు. కారు ఎక్కాక, "బస్టాండు అంటే తప్పేముందండీ?" అని అడిగితే, "తప్పని కాదు, ఎందుకు చెప్పడం?" అన్నాడు. 

మొగుడిది హెచ్-1, ఆమెది డిపెండెంట్ వీసా. ఉద్యోగం చేయడానికి లేదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టు ఆ వీసా మీద రెండేళ్ళు గడిచాయి.

2011 ఆగస్టులో ఒక మధ్యాహ్నం, మూడో చొక్కా మీద పామర్రు దాటుతుండగా ఎవరో తలుపు దబదబా కొట్టారు. గిరిజ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి తలుపు దగ్గరికి వెళ్ళింది. పక్కింటివాళ్ళు మేనేజరుకి కంప్లయింట్ చేశారేమో. తీసి చూస్తే ఇరవై రెండేళ్ళ పిల్ల, పొట్టిగా, జుట్టంతా నెత్తి మీద ముడేసుకుని నిలబడి ఉంది.

"సారీ అండి. సౌండ్ తగ్గిస్తాను" అంది గిరిజ తనకి వచ్చిన ఇంగ్లీషులో.

"తగ్గించకండి. ఇందాకటి ర్యాప్ ఎవరిది?"

"ర్యాపా? అది బస్సు."

పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే ఆ పిల్ల పేరు మారిసెల్ బౌటిస్టా. అమ్మానాన్నలు ఫిలిప్పీన్స్ నుంచి వచ్చారు, తను పుట్టింది ఇక్కడే. నాన్న లేడు. అమ్మ ఆస్పత్రిలో నర్సు, రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు నిద్రపోతుంది. మారిసెల్ పొద్దున పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటుంది, మధ్యాహ్నం తన బెడ్‌రూములో ర్యాప్ రికార్డు చేసుకుంటుంది. స్టూడియో అంటే ఏమనుకున్నారు, గోడలో ఇద్దరు మనుషులు పట్టేంత బట్టల అల్మారా. ఇంట్లో పాత కరోకే మెషీను తాలూకు మైకు, అట్టపెట్టె మీద ల్యాప్‌టాప్. అమ్మ నిద్ర చెడకుండా అల్మారాలో దూరి తలుపేసుకుంటుంది. ఎన్ని దుప్పట్లు వేలాడదీసినా గొంతు డబ్బాలో మాట్లాడినట్టు మోగుతోందని ఆ పిల్ల దిగులు.

గిరిజ ఒక్క నిమిషం ఆలోచించి ఇంట్లోకి వెళ్ళింది. వెంకటగిరి చీరలు, గద్వాల చీరలు, పెళ్ళిలో పెట్టిన పట్టుచీరలు, ఏడాదికి రెండుసార్లు తెలుగువాళ్ళ ఫంక్షన్లకి తప్ప మడత విప్పని పద్దెనిమిది చీరలు ఎత్తుకెళ్ళి ఆ అల్మారా నిండా మూడు వరసలు దడి కట్టేసింది. మారిసెల్ లోపలికెళ్ళి రెండు లైన్లు పాడి తల బయటపెట్టింది. దాని మొహం చూస్తే నక్కతోక తొక్కొచ్చినట్టుంది. మరి గంటలోనే గిరిజనీ లోపలికి లాగేసింది.

మారిసెల్ రాసుకున్న పాట వాళ్ళమ్మ గురించి. ఇంటికి ఒకటే కారు, అదీ చెడింది, నూట పది ఫారెన్‌హీట్ డిగ్రీల ఎండలో బస్సు కోసం నిలబడి డ్యూటీకి వెళ్ళే అమ్మ. ఆ పాట మధ్యలో గిరిజ బస్సు రావాలట. ఏసీ చప్పుడు మైకులోకి వస్తుందని ఏసీ ఆపేశారు. ఇద్దరూ చెమటతో ముద్దయిపోయారు. రెండేళ్ళ తర్వాత మైకు ముందు నిలబడిన గిరిజకి గొంతులో మొదట ఏమీ రాలేదు. తర్వాత కంకిపాడు వచ్చింది. కంకిపాడు వెనక ఉయ్యూరు, ఉయ్యూరు వెనక పామర్రు, ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేశాయి.

"ఇంకోసారి" అంది మారిసెల్ కళ్ళు పెద్దవి చేసి. "బస్సు కదిలిపోతోంది, మా అమ్మ ఇంకా రోడ్డు దాటుతోంది. అలా చెప్పండి."

ఇంకోసారి అనే మాట గిరిజ ఇంట్లో రోజూ వింటుంది. సాంబారు ఇంకోసారి, పెరుగు ఇంకోసారి. గొంతుని ఇంకోసారి అడిగినవాళ్ళు ఈ దేశంలో ఎవరూ లేరు. తొమ్మిదిసార్లు చెప్పింది. బయటికొచ్చేసరికి చీరలన్నీ చెమట కంపు, మనిషికి మాత్రం నేల మీద కాలు ఆనడం లేదు. ఆ పిల్ల వాటేసుకుని, "థాంక్యూ, ఆటే" అంది. వాళ్ళ భాషలో అక్క అని అర్థమట.

సాయంత్రం చెబితే శశికాంత్ ఫోన్లోంచి తలెత్తకుండా, "టైంపాస్ అవుతుందిలే. డిన్నర్ టైంకి ఇంట్లో ఉండు చాలు" అన్నాడు.

'ప్లాట్‌ఫారం ట్వెల్వ్' అని పేరు పెట్టి మారిసెల్ ఆ పాటని యూట్యూబ్‌లో పెట్టింది. మొదటి వారం పన్నెండుసార్లు చూశారు, అందులో ఐదుసార్లు చూసింది గిరిజే. నాలుగు నెలలు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత కాలిఫోర్నియాలో కాలేజీ పిల్లలెవరో దానికి డాన్సు కట్టి వీడియో పెట్టారు. గిరిజ ఊళ్ళ పేర్లు చెబుతుంటే ఒక్కో ఊరికి ఒక్కొక్కరు గాల్లోకి ఎగురుతారు. ఇక చూసుకోండి. రాత్రికి రాత్రి లక్ష దాటింది, వారానికి పది లక్షలు. పొయ్యి మీద పోపు మాడుతున్నా పట్టించుకోకుండా ఇద్దరూ వంటింట్లో నిలబడి ఆ అంకె మారడం చూస్తూ గంతులేశారు. ఆ గోలకి పక్కింట్లోంచి నిద్రలేచి వచ్చిన మారిసెల్ వాళ్ళమ్మ కూడా సంగతేమిటో తెలియకుండానే గంతేసింది.

లాస్ ఏంజలెస్ నుంచి రికార్డు కంపెనీవాళ్ళు పిలిచారు. ఫిలిప్పీనో ఆడపిల్ల ర్యాపరంటే ఎవరు కొంటారు, పేరు మార్చుకో అన్నారట. "మా అమ్మ బ్యాడ్జి మీద ఉన్న పేరే నాదీ. మార్చను" అని వచ్చేసింది. రెండు నెలలకి వాళ్ళే దిగొచ్చారు. సామాను సర్దుకుని వెళ్తూ మారిసెల్, "పాట మీద మీ పేరు ఉంటుంది, ఆటే. కంపెనీవాళ్ళు మెయిల్ పంపుతారు, మీరు సరేనంటే చాలు" అంది. తన పేరు. బస్టాండులో అంతమంది పరిగెత్తారు గానీ ఆ గొంతు పేరేమిటని ఆరేళ్ళలో ఒక్కరూ అడగలేదు. గిరిజ రోజూ మెయిల్ చూసుకుంది. రాలేదు. 2013లో పాట దేశమంతా విడుదలైంది. కింద మారిసెల్ పేరు ఉంది, డ్రమ్స్ వాయించినవాడి పేరు ఉంది, ఎడిటింగ్ చేసినవాడి పేరు ఉంది. గిరిజ పేరు ఉండాల్సిన చోట 'పేరు తెలియని గొంతు' అని ఉంది. ఫోన్ చేస్తే నంబరు మారిపోయింది.

ఆ రోజు శశికాంత్ ఆమె తల నిమిరి, "ఈ ఫీల్డువాళ్ళంతా ఇంతే గిరిజా. వాడుకుని వదిలేస్తారు. మనసులో పెట్టుకోకు" అన్నాడు. ఎంత ఓదార్పుగా అన్నాడంటే గిరిజ అతని భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది కూడా.

ఆ తర్వాత ఏ కిరాణా షాపుకెళ్ళినా తన గొంతే. పెట్రోలు బంకులో తన గొంతే. పాట ఊరంతా కోడై కూస్తుంటే, ఆ పాట తాలూకు మనిషి పాలకూర కట్టలు ఏరుకుంటూ నిలబడింది. కోపం వచ్చేది, ఆ వెనకే ఒళ్ళు పులకరించేది. ఉగాది ఫంక్షన్‌లో తెలుగు పిల్లలు ఆ పాటకి డాన్సు చేస్తే, ఆర్నెల్లకని వచ్చిన లక్ష్మీకాంతం పులిహోర ప్లేటు పట్టుకుని ఆగిపోయింది. "ఒరే శశీ, ఇది బెజవాడ బస్టాండు గొంతు కదరా" అంది. "అమ్మా, ఊరుకో" అన్నాడు శశికాంత్. ఎవరి గొంతో లక్ష్మీకాంతానికి తెలుసు. కోడలి వైపు ఒకసారి చూసింది. చూసి, పులిహోరలో ఉప్పు తక్కువైందని చెప్పింది.

2015 మార్చిలో మారిసెల్ ఫీనిక్స్‌కి వస్తోందని తెలిసింది. పార్కులో శనివారం పగలంతా సంగీతోత్సవం, మారిసెల్ పాట రెండుసార్లు, మూడింటికి ఒకసారి, ఐదింటికి ఒకసారి. వెళ్ళాలా వద్దా అని గిరిజ కొట్టుకుంటుంటే, పద్మిని ఫోన్ చేసింది. శశికాంత్ ఆఫీసులోనే పనిచేస్తుంది. "మా అమ్మాయి చరిత ఆ ర్యాపరంటే పడి చస్తోంది. నాకు, మా ఆయన హరనాథ్‌కి కుదరదు. నువ్వు ఖాళీగానే ఉంటావుగా, కాస్త తీసుకెళ్ళవా గిరిజా?" ఆ విధంగా గిరిజ తన పాట కచేరీకి పద్నాలుగేళ్ళ పిల్లకి కాపలాగా వెళ్ళింది.

ఐదువేల మంది ఉన్నారు. మారిసెల్ స్టేజి మీదికి వచ్చేసరికి గడ్డి కూడా ఊగింది. అల్మారాలో దూరిన ఆ పొట్టి పిల్ల ఆ చివర నుంచి ఈ చివరకి ఉరుకుతుంటే గిరిజ కోపమంతా మరిచిపోయి ఈల వేసింది. ఆఖర్న ఆ పాట మొదలైంది. స్పీకర్లలో గిరిజ గొంతు కంకిపాడు అనగానే ఐదువేల గొంతులు 'కాంకీపాడూ' అన్నాయి. ఎన్నడూ కృష్ణాజిల్లా ముఖం చూడని తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు, మెక్సికోవాళ్ళు చేతులెత్తి పామర్రు, పామర్రు అని అరుస్తున్నారు. గిరిజ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. నోరు దానంతటదే ఊళ్ళన్నీ చెప్పేస్తోంది.

చరిత తిరిగి చూసింది. "ఆంటీ, మీకు ఆ వర్డ్స్ అన్నీ ఎలా వచ్చు? వెయిట్. మీ వాయిస్ సేమ్ ఉంది."

"నాదే కాబట్టి" అంది గిరిజ. ఆ మాట పైకి అనడం అదే మొదలు.

ఇక ఆ పిల్ల ఆగుతుందా? చెయ్యి పట్టుకుని స్టేజి పక్కన ఆటోగ్రాఫుల వరసలోకి ఈడ్చుకెళ్ళింది. నలభై నిమిషాలు నిలబడ్డాక మారిసెల్ తలెత్తింది. పెన్ను పక్కన పెట్టేసింది. వాటేసుకోబోయి ఆగి, "మీరు ఎందుకొచ్చారు, ఆటే? నన్ను ఎప్పుడూ కలవొద్దన్నారుగా" అంది.

"నేనా?"

మారిసెల్ ఫోన్ తీసి చూపించింది. రెండున్నరేళ్ళుగా దాచుకుంది ఆ మెయిల్. గిరిజ అడ్రసు నుంచే వెళ్ళింది. 'నేను గౌరవమైన కుటుంబంలోని గృహిణిని. ఈ పాటలో నా గొంతు ఉండటం నాకు సిగ్గుగా ఉంది. దయచేసి నా పేరు వాడవద్దు, నన్ను సంప్రదించవద్దు. కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్.' ఆ ఆఖరి ముక్కతో ఉత్తరం ముగించే మనిషి ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. అమెరికాకి వచ్చిన మొదటి వారంలో ఆమెకి మెయిల్ అకౌంటు తెరిచింది అతనే, పాస్‌వర్డు పెట్టిందీ అతనే. మార్చుకోవాలని ఆమెకెన్నడూ తోచలేదు. కంపెనీవాళ్ళ మెయిల్ ఆమెకంటే ముందు చూసి చెరిపేసిందీ అతనే అయివుండాలి.

"ఇది నేను రాయలేదు" అంది గిరిజ. మారిసెల్ ఆమె ముఖంలోకి చూసింది. నమ్మింది. "ఐదింటి షోలో రికార్డింగ్ వేయను. మీరే చెప్పండి" అంది.

గిరిజ పక్కకి వెళ్ళి ఇంటికి ఫోన్ చేసింది. "ఆ మెయిల్ మీరే రాశారా?"

 "గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది కదా గిరిజా. నీ పేరు బయటికొస్తే ఇల్లీగల్‌గా వర్క్ చేశావంటారని భయపడ్డాను. మన ఇద్దరి కోసమే చేశాను."

నిజమే కావచ్చు. భయం అందరికీ ఉంటుంది, ఆమెకీ ఉంది. అడిగి ఉంటే తనే వద్దని రాసేదేమో కూడా. కానీ భయపడ్డవాడు వీసా అని రాస్తాడు. సిగ్గు అని ఎందుకు రాశాడు? ఆ సిగ్గు ఎవరిది? రాసినవాడు పాట విడుదలైన రోజు ఏమీ ఎరగనట్టు తల నిమిరి, వాళ్ళు వాడుకుని వదిలేశారని ఎలా అనగలిగాడు? గిరిజ తనకి ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. ఒంట్లో ఏదో చురుకు పుట్టి, కాళ్ళు ఒక చోట నిలవనంటున్నాయి.

"ఐదింటికి నేను స్టేజి ఎక్కుతున్నాను" అంది.

"పిచ్చా నీకు? మే నెల నుంచి మనలాంటి వాళ్ళకి వర్క్ పర్మిట్ ఇస్తామని అనౌన్స్ చేశారు. రెండు నెలలు ఆగలేవా? ఇప్పుడు ఎక్కావంటే వర్క్ చేసినట్టే."

"డబ్బులు తీసుకోవడం లేదండీ. జీతం లేకుండా ఆరేళ్ళ నుంచి మీ ఇంట్లో చేస్తున్నాను. ఒక్క ఆఫీసరూ తప్పని అనలేదు."

ఫోను కట్టేసి చరితకి ఇచ్చింది. మెట్ల దగ్గర మైకు మనిషి ఆమె చేతికి మైకు అందించాడు. మారిసెల్ స్టేజి మధ్యలోంచి చెయ్యి చాపింది. డ్రమ్స్ మొదలయ్యాయి, ఐదువేల మంది కంకిపాడు కోసం నోళ్ళు తెరుచుకుని ఉన్నారు.

గిరిజ మైకు నోటి దగ్గర పెట్టుకుని ముందు తన పేరు చెప్పింది. ఊళ్ళ పేర్లు ఆ తర్వాత చెప్పింది.