సత్తవ్వ అడిగిన ప్రార్థన

మోటారు స్విచ్ వేసి, గోడకు చెవి ఆనించి నిలబడింది సత్తవ్వ. పైపులో నీళ్లు ఎక్కిన చప్పుడు వినబడితే తప్ప ఆమె అక్కడినుంచి కదలదు. ఎప్పుడో ఒకసారి వినకుండా వెళ్లిపోతే మోటారు కాలిపోయింది. ఆ సంగతి వార్డెన్ లీలాబాయి ఈనాటికీ ఎత్తుతూనే ఉంటుంది. గోడలో గుడగుడమని శబ్దం మొదలయ్యాక, చెంగుతో చెవి తుడుచుకుని, నడుముకు దోపుకున్న తాళంచెవి తీసి గేటు దగ్గరికి నడిచింది.

కరీంనగర్‌లో కోర్టు వెనక సందులో ఉన్న ఆడపిల్లల హాస్టల్ అది. సత్తవ్వ అక్కడ గేటు మనిషి. పొట్టిగా, ఎండిన చింతబరికెలా ఉంటుంది. పెళ్లయిన కొత్తలో క్వారీలో రాతిముక్కలు మోసిన కుడి భుజం ఎడమదానికన్నా కిందికి జారి ఉంటుంది. ముందుపళ్లు లేనందున మాట్లాడేటప్పుడు నోటికి చేయి అడ్డం పెట్టుకుంటుంది. మొగుడు అదే క్వారీ దుమ్ము పీల్చి పీల్చి దగ్గుతూ పోయాడు. పిల్లలు కలగలేదు. చర్చివాళ్లు ఎవరో చెప్తే ఈ గేటు దగ్గర ఒక ప్లాస్టిక్ కుర్చీ దొరికింది. కుర్చీలు మారాయి గాని మనిషి మారలేదు. అందులోనే ఆమె తల నెరిసింది.

వాకిలి ఊడవబోతుంటే మెట్లమీదనుంచి మహిమ దిగి వచ్చింది. తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని, చుడీదార్ మీద నల్లకోటు వేసుకుంది. సన్నటి పిల్ల. చేతులు పొడుగు కావడంతో కోటు మణికట్టు దాకా అందడం లేదు.

"పెద్దవ్వా, కుర్చీల కూసో. నువ్వే జడ్జివి."

"ఊడ్వాలె బిడ్డా. వాకిలంత అట్లనే ఉన్నది."

"జడ్జి ఊడ్వదు."

సత్తవ్వ చీపురు గోడకు ఆనించి, కుర్చీ అంచున కూర్చుంది. మహిమ గొంతు సవరించుకుంది. కాన్పుకు పోయి వచ్చిన ఒక ఆడమనిషిని మిల్లు యజమాని పనిలోంచి తీసేశాడు. ఆమె తరఫున ఇదీ న్యాయం అని చెప్పింది. తర్వాత పక్కకు జరిగి, కోటు సర్దుకుని, యజమాని తరఫున ఇదీ న్యాయం అని అంతే గట్టిగా చెప్పింది. మధ్యమధ్య ఇంగ్లీషు వచ్చింది. సత్తవ్వకు అందులో సగం కూడా తెలియదు. కాని ఆ పిల్ల చేయి ఎత్తినప్పుడల్లా తన గడ్డం కూడా కొంచెం పైకి లేస్తోంది.

"నవ్వద్దు పెద్దవ్వా. జడ్జి నవ్వదు."

"రెండు దిక్కుల నువ్వే మాట్లాడబడితివి. మరి గెలుసుడెవలు?"

"ఎవలు మంచిగ మాట్లాడితె వాళ్లు."

"గట్లయితె మిల్లోడే గెలుస్తడు. వాడు పైసలిచ్చి మంచిగ మాట్లాడేటోన్ని పెట్టుకుంటడు."

మహిమ కోటు చేతులు కిందికి లాక్కుంది. "గందుకే నేను నేర్చుకుంటున్న," అంది.

శుక్రవారం పొద్దున ఆమె హైదరాబాద్ పోవాలి. లా చదివే ఆడపిల్లలకు అక్కడ ఉత్తుత్తి కోర్టు పోటీ పెట్టారు. కాలేజీ నుంచి మహిమ, ఆమె గదిలోనే ఉండే ప్రజ్ఞ జట్టుగా ఎంపికయ్యారు. వెంట కాలేజీ మేడం వస్తుంది. గెలుపు ఒకటే కాదు. వచ్చినవాళ్లలోంచి బాగా మాట్లాడిన పిల్లను హైకోర్టులో వాదించే ఒక వకీలమ్మ సెలవుల్లో తన ఆఫీసులో పెట్టుకుంటుందట. మహిమకు పోటీకన్నా అదే కావాలి. ఈ సంగతి చెప్పిన రోజు సత్తవ్వ చేయి పట్టుకుని, "బాపుకు చెప్పకు పెద్దవ్వా. పోయొచ్చినంక నేనే చెప్త. బాపుకు తెల్వదని నీకొక్కదానికే చెప్తున్న," అంది.

ఎందుకు చెప్పలేదో సత్తవ్వకు తెలుసు. మహిమ తండ్రి బక్కయ్య సుల్తానాబాద్ అవతలి పల్లెలో ఉంటాడు. రైసు మిల్లులో హమాలీ. ఆ ఊరి చర్చిలో పెద్దమనిషి. పోయినేడు కాలేజీవాళ్లు సుల్తానాబాద్‌లోనే ఆడవాళ్లకు చట్టం సంగతులు చెప్పే క్యాంపు పెడితే, మైకు పట్టుకోవడానికి మహిమ పేరు ఇచ్చారు. తెలిసినవాళ్ల ముందర మైకు పట్టుకుంటవా అని బక్కయ్య పోనివ్వలేదు. చదివిస్తాడు గాని, చదువు కాలేజీ గోడ లోపల ఉండాలంటాడు.

టిఫిన్ దగ్గర లీలాబాయి కాలేజీనుంచి వచ్చిన కాగితం చదివింది. హైదరాబాద్ పోటీ, తర్వాత లోక్ అదాలత్‌లో సాయం, జైల్లో ఉన్న ఆడవాళ్లను చూసిరావడం, మంచిర్యాలలో క్యాంపు. చదువుతూ చదువుతూ ఆవిడకు ఆయాసం వచ్చింది.

"గివన్ని ఒక్క నెలల్నే పెడితె మేం స్నానాలెప్పుడు జెయ్యాలె మేడం?" అంది ప్రజ్ఞ. పెద్దపల్లి వైపు భూములున్న ఇంటి పిల్ల, దేనికీ భయం లేదు.

"రోజు జేస్తున్నట్టు చెప్తున్నవు గదా," అంది లీలాబాయి. పిల్లలంతా నవ్వారు. గేటు దగ్గర సత్తవ్వ కూడా చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది.

పిల్లలు కాలేజీకి పోయాక హాస్టల్‌లో పావురాల చప్పుడు తప్ప ఏమీ ఉండదు. సత్తవ్వ రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసుకుని తిని, నీడలోకి కుర్చీ జరుపుకుంది. మొన్న ఆదివారం గుర్తొచ్చి, ఎవరూ లేకున్నా సిగ్గుపడింది.

ప్రతి ఆదివారం ఆరాధనలో పాస్టరు, "ప్రార్థన అవసరతలు ఎవరికున్నయి?" అని అడుగుతాడు. ఒకరు లేచి కొడుకు ఉద్యోగం అంటారు. ఒకరు మోకాళ్లు అంటారు. ఒకరు కోడలి కాన్పు అంటారు. సత్తవ్వ ఎప్పుడూ వెనక వరుసలో, గోడ పక్కన, తల వంచుకుని కూర్చునేది. తనకోసం అడుక్కోవడానికి నోరు రాదు. తన నొప్పులు దేవునికి తెలియనివి కావు. ఇంకొకరి కోసం అడుగుదామంటే ఆ ఇంకొకరు లేరు. మొన్న మాత్రం ఏమయిందో, తనకు తెలియకుండానే లేచి నిలబడింది. మెడలు అన్నీ వెనక్కి తిరిగాయి. "సుల్తానాబాద్ అవతలి బక్కయ్య బిడ్డ మహిమ," అంది. "మా హాస్టల్ల ఉంటది. నల్లకోటు చదువు. శుక్రవారం హైద్రాబాద్‌ల వాదిస్తది, ఆడ రెండు రోజులుంటది. గెలవాలని ప్రార్థన చేయుండ్రి." ఒక్క గుక్కలో చెప్పి కూర్చుంది. పాస్టరమ్మ ఎప్పటిలాగే సెల్లు తీసి ఆ అవసరతలన్నీ అందులో టైపు కొట్టుకుంది. సత్తవ్వది బటన్ల ఫోను. పాస్టరమ్మ కొట్టుకున్నవి ఎక్కడికి పోతాయో ఆమె ఎన్నడూ అడగలేదు. పైకే పోతాయనుకుంది.

బాపుకు చెప్పవద్దన్న మాట ఆమె మరిచిపోలేదు. బాపుకు చెప్పలేదు. దేవునికి చెప్పింది.

ఎండ గోడ దిగుతున్న వేళ ఆటో వచ్చి ఆగింది. బక్కయ్య దిగాడు. మిల్లు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. భుజాలమీద తవుడు ఇంకా తెల్లగా ఉంది. వెడల్పాటి మనిషి, మెడ దగ్గర బస్తాలు ఒరుసుకుని చర్మం నల్లగా గట్టిపడింది.

"వందనాలు సత్తక్కా."

"వందనాలు తమ్మీ. ఫోనన్న చెయ్యకపోతివి."

"చేసి రావాల్నా." మగవాళ్లు గేటు దాటకూడదని అతనికి తెలుసు. బయటి అరుగుమీద కూర్చుని చేతులు మోకాళ్లమీద పెట్టుకున్నాడు. "పిల్ల సామాన్ సదురుమను. తీస్కపోత."

సత్తవ్వ నోటికి చేయి పెట్టుకుంది, మాట్లాడటానికి కాదు.

"నిన్న రాత్రి మా ఊళ్లె ప్రార్థన కూటం," అన్నాడు బక్కయ్య. గొంతు పెంచలేదు. "పాస్టరు సెల్లు జూసి ప్రార్థనలు సదువుతుండు. అన్ని ఊర్ల పాస్టర్లకు గ్రూపున్నదట. అండ్ల నా పేరు వచ్చింది. బక్కయ్య బిడ్డ మహిమ శుక్రవారం హైద్రాబాద్ పోతుంది, ఆడ ఉంటది, ఆమె కోసం ప్రార్థన జేద్దాం అన్నడు. అందరు నా దిక్కు జూసిండ్రు. నేను ఎరుకున్నట్టే కూసున్న. కండ్లు మూసుకున్న. అందరు ఆమెన్ అన్నరు. నేను గూడ ఆమెన్ అన్న అక్కా."

సత్తవ్వ తాళంచెవిని పిడికిట్లో పట్టుకుంది. నేనే చెప్పిన తమ్మీ, తప్పు నాది, అనాలనుకుంది. ఆదివారం అంతమంది ముందు లేచిన నోరు, ఈ ఒక్కడి ముందు లేవలేదు.

అప్పుడే ప్రజ్ఞ, మహిమ కాలేజీ నుంచి నవ్వుకుంటూ సందు తిరిగారు. తండ్రిని చూసి మహిమ నవ్వు ఆపలేదు. అది ముఖంమీద అలాగే ఉండిపోయి, నెమ్మదిగా మరేదో అయింది.

లీలాబాయి గేటు దాకా వచ్చి నచ్చజెప్పింది. "అది ఆడపిల్లలకే పెట్టిన పోటీ బక్కయ్యగారూ. మేడం వెంట ఉంటది. ఇట్లాంటి అవకాశం మళ్లమళ్ల రాదు."

"అయి ఉంటది మేడం. నాకు చెప్పలే గదా. అడిగితె పంపకపోదునా?"

"అడిగిన బాపూ," అంది మహిమ. "పోయినేడు అడిగిన. ఇంటి పక్కకే పంపలే."

బక్కయ్య నేలచూపులు చూశాడు. "ఊరంత నీ కోసం మొక్కుతుంటె నీ బాపుకు తెల్వకపాయె. ఇంట్ల ఉండి సదువుకో. పరీక్షలప్పుడు తీస్కొస్త."

"క్లాసులకు రాకుంటె పరీక్షలకు రానియ్యరు."

"రానియ్యకుంటె మానె."

రెండు వైపులా తానే వాదించగల పిల్ల, ఏ వైపూ ఒక్క ముక్క చెప్పకుండా మెట్లెక్కింది.

సామాను కట్టడానికి సత్తవ్వ పైకి పోయింది. ఎప్పుడూ పైకి పోయే మనిషి కాదు. మహిమ బట్టలు బ్యాగులో కుక్కుతోంది, మడత పెట్టడం లేదు. సత్తవ్వ వంగి ఒక దుప్పటి తీసుకుని, దులిపి, నాలుగు మడతలు పెట్టింది.

"నీకొక్కదానికే చెప్పిన పెద్దవ్వా," అంది మహిమ. కోపంగా అనలేదు. లెక్క తేల్చినట్టు అంది.

"నువ్వు గెలవాలని బిడ్డా..."

"నేను ప్రార్థన అడుగుమన్ననా?"

సత్తవ్వ మడత పెట్టిన దుప్పటిని మళ్లీ విప్పి, మళ్లీ మడిచింది. మహిమ దానిని ఆమె చేతుల్లోంచి తీసుకుని బ్యాగులో పెట్టి జిప్పు లాగింది. నల్లకోటు విప్పి ప్రజ్ఞ మంచంమీద వేసింది. "కోటు లేనోళ్లకు ఇయ్యి. ఎవలన్న వస్తరు నీతోని."

"నువ్వు రాకుంటె నేను పోను," అంది ప్రజ్ఞ.

"పోతవు. పో."

ఆటో తిరిగేటప్పుడు సత్తవ్వ గేటు పట్టుకుని నిలబడింది. మహిమ లోపలి వైపు కూర్చుంది. ఆమెకు అడ్డంగా బక్కయ్య భుజాలు మాత్రమే కనబడ్డాయి. అతను చేతులు జోడించి, "వస్తం అక్కా. ప్రార్థన చెయ్యి," అన్నాడు. అలవాటు కొద్దీ అన్నాడు.

చీకటి పడకముందే ప్రజ్ఞ ఫోనులో మాట్లాడుతూ మెట్లు దిగింది. కాలేజీ మేడం ఇంకో అమ్మాయి పేరు చెప్పిందట. ఆ అమ్మాయి కోటు కొలత అడుగుతోంది. ప్రజ్ఞ కళ్లు ఎర్రగా ఉన్నాయి గాని, కొలత చెప్పింది.

సత్తవ్వ బటన్ల ఫోను మోగింది. పాస్టరమ్మ. "సత్తవ్వా, మీ పిల్ల కోసం అన్ని ఊర్లల్ల కూటాలు పెడుతుండ్రు. ఒక్కదానివి లేసి అడిగినవు, సూడు, దేవుడు ఎంత దూరం తీస్కపోతుండో. వచ్చే ఆదివారం దేవుడు చేసిన మేలు మీద నువ్వే లేసి సాక్ష్యం చెప్పాలె. తప్పించుకోవద్దు."

"అట్లనే అమ్మా," అంది సత్తవ్వ. ఫోను పెట్టేసి, గేటుకు తాళం వేసి, లాగి చూసింది. పడిందో లేదోనని ఇంకోసారి లాగి చూసింది.

వెనక నల్లా దగ్గర పిల్లల గొడవ వినబడి అటు నడిచింది. సాయంత్రం నీళ్ల కోసం పొద్దున కాలేజీకి పోయేముందే బకెట్లు వరుసలో పెట్టి పోవడం వాళ్ల పద్ధతి. ఎవరి వంతు వచ్చినా ఎవరో ఒకరు నల్లా తిప్పి నింపుతారు. ముందు నిలబడ్డ పిల్ల, "ఇది తీయాల్నా పెద్దవ్వా?" అని అడిగింది. సత్తవ్వ వంగి చూసింది. నల్లా కింద ఆకుపచ్చ బకెట్, దాని మీద ఎర్రటి గోళ్ల రంగుతో రాసిన మహిమ అనే పేరు, అంచు దాకా వచ్చి పొర్లిపోతున్న నీళ్లు.