కుడి అద్దం మీది మరక

మా వదిన కళ్ళద్దాలు రోజూ పొద్దున్నే కడిగేది నేను. ప్రేమ పొంగిపొర్లి కాదు, నా ఖర్మ కొద్దీ.

వదినంటే మా ఆయన అక్క. పెళ్ళి చేసుకోలేదు, మాతోనే ఉంటుంది. యూనిఫారాలు కుట్టే కొట్టు ఆవిడది. ఆవిడ కత్తిరిస్తుంది, నేను మిషను మీద కుడతాను. నాలుగు పొరల గుడ్డ పరిచి, సుద్దతో గీసి, గీత మీద కత్తెర వెంట్రుకవాసి తప్పకుండా నడుపుతుంది. ఆవిడంటే నాకు పడకపోయినా ఆ మాట ఒప్పుకోవాలి. ఆ కళ్ళు లేకపోతే కొట్టూ లేదు, ఆవిడా లేదు.

పోయిన ఏడాది దాకా అద్దాలు ఆవిడే తుడుచుకునేది, బల్ల మీద చేతికందిన పీలికతో. పీలిక నిండా సుద్దపొడి. అద్దాల మీద పడ్డ గీతలు చూసి కళ్ళద్దాల షాపాయన, "ఇసుకతో తోమారా అమ్మా?" అన్నాడు. కొత్తవి రెండు జతలు చేయించాక మా ఆయన వాటి పని నాకు అంటగట్టాడు. తన వస్తువు తమ్ముడి పెళ్ళాం చేతికిచ్చారని ఆవిడకి కడుపుమంట. అప్పట్నుంచీ నేను ఏం చేసినా వంకే.

నేను మాత్రం శ్రద్ధగానే కడిగాను, దేవుడి తోడు. ముందు కుళాయి కింద పెట్టి పొడి పోనివ్వాలి. వేణ్ణీళ్ళు పనికిరావు, పైపూత పాడవుతుంది. గిన్నెలు తోమే సబ్బునీళ్ళు ఒక్క చుక్క వేలికి రాసుకుని రెండు వైపులా రుద్ది, ముక్కు మీద ఆనే బిళ్ళల సందులు కూడా కడిగి, మెత్తటి గుడ్డతో అద్దాలి. షాపాయన చెప్పింది చెప్పినట్టు చేశాను.

ఒకరోజు అద్దాలు పెట్టుకోగానే మొదలెట్టింది.

"ఏమ్మా, ఇదేనా కడగడం? కుడి అద్దం, ముక్కు వైపు కింది మూల, మసి పూసినట్టుంది."

లైటు కింద పెట్టి చూశాను. ఏమీ లేదు. మళ్ళీ కడిగి ఇచ్చాను. ఉందంది. మూడోసారీ ఉందంది.

"అద్దం మీద ఏమీ లేదు వదినా. ఒకసారి కళ్ళ డాక్టరుకి చూపించుకోండి."

కొలతలివ్వడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళ ముందు అంది, "నీ చేతకానితనానికి నా కళ్ళకి పేరు పెడతావా? నా కళ్ళు పోతే కత్తెర నీ చేతికొస్తుందని కాచుక్కూచున్నట్టున్నావు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఇద్దరూ గోడవైపు చూస్తూ నిలబడ్డారు. పదకొండేళ్ళుగా ఆవిడ మాటలు పడుతున్నాను కానీ, ఆ మాట మాత్రం మర్చిపోలేకపోయాను.

మర్నాడు ఆవిడ నోరు మూయించాలనే పెట్టెలోంచి రెండో జత తీశాను. చేయించాక ఒక్కసారి కూడా పెట్టుకోని జత. దాన్నే కడిగి చేతికిచ్చాను. పెట్టుకుని అటూ ఇటూ చూసింది.

"దీన్ని కూడా పాడుచేశావూ? అదే మరక, అదే చోట."

మరక అద్దానిదైతే అద్దంతో పోవాలి. ఇది పోలేదు. అంటే అద్దంలో లేదు, కంట్లో ఉంది. నాకు ఆ క్షణమే తెలిసిపోయింది.

నేను చెప్పలేదు. చెప్తే మళ్ళీ అదే మాట అంటుందని ఒక సాకు. మా ఆయన లారీ మీద వెళ్ళాడు, వచ్చాక ఆయన్నే చెప్పమందామని ఇంకో సాకు. అసలు సంగతి వేరు. ఆవిడ ఓ నాలుగు చొక్కాలు అడ్డదిడ్డంగా కత్తిరించి నలుగురిలో తల దించుకోవాలి, అప్పుడు తెలిసొస్తుంది అనుకున్నాను. సాయంత్రం మా ఆయన ఫోన్ చేసి అక్క ఎలా ఉందంటే, "ఆవిడకేం, రాయిలా ఉంది" అన్నాను.

ఆరు రోజులు గడిచాయి. "మరక పెరుగుతోంది, నువ్వు కడిగేకొద్దీ పెరుగుతోంది" అనేది. "సరే వదినా, మళ్ళీ కడుగుతాను" అనేదాన్ని. నిజం చెప్పాలంటే, కుళాయి కింద ఆ శుభ్రమైన అద్దాలు కడుగుతుంటే నాకు లోపల చల్లగా ఉండేది.

ఏడోరోజు మధ్యాహ్నం డాక్టరు కోట్ల చేతులు కత్తిరిస్తోంది. కత్తెర గీత దాటి గుడ్డ మధ్యలోకి పోయింది. ఆపి, అద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఎడమ కన్ను అరచేత్తో మూసుకుంది.

"ఎక్కడున్నావు?" అంది. నేను ఎదురుగానే ఉన్నాను.

ఆటోలో తీసుకెళ్ళాను. కంటి ఆస్పత్రిలో డాక్టరమ్మ చాలాసేపు లైటు వేసి చూసింది.

"కంటి వెనక పొర ఊడిపోయిందమ్మా. ఇది ఇవాళ్టిది కాదు, వారం అయ్యుంటుంది. నీడ మూలలో ఉన్నప్పుడే వచ్చుంటే చూపు దక్కేది. ఆపరేషన్ చేస్తాం. కానీ గీత చూసి కత్తిరించే చూపు ఈ కంటికి మళ్ళీ వస్తుందని నేను చెప్పలేను."

వదిన, "తప్పు నాదేనండీ" అంది. "అద్దం మీద మరక అనుకున్నాను. మా మరదలు మొదటిరోజే చెప్పింది, డాక్టరుకి చూపించుకోమని. నేనే నోరు పారేసుకున్నాను. దాన్ని ఊరికే అనకూడని మాటలన్నాను." నా చెయ్యి కోసం తడిమి పట్టుకుంది.

పదకొండేళ్ళలో నా గురించి ఆవిడ అన్న మొదటి మంచి మాట. మింగేసి ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేకపోయాను, సిగ్గుతో చచ్చిపోయాను.

"మొదటిరోజు ఊరికే అన్నాను వదినా. రెండోరోజు రెండో జత ఇచ్చినప్పుడు తెలిసింది, కంట్లోనే ఉందని. తెలిసీ చెప్పలేదు."

"ఆరు రోజులూ?"

"ఆరు రోజులూ."

ఎందుకని అడుగుతుందని ఎదురుచూశాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆవిడ తిట్టలేదు. నా చెయ్యి వదిలేసి, తన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది.

నర్సు కాగితం పట్టుకుని వచ్చింది. "పేషెంటు తరఫువాళ్ళు ఇక్కడ సంతకం పెట్టాలి. మీతో ఎవరొచ్చారమ్మా?"

"ఎవరూ రాలేదు" అంది వదిన. "నాకే ఇవ్వండి, నేను పెడతాను."

నర్సు నావైపు చూసింది. నేను తల దించుకున్నాను.