దేవిడి వెనక తలుపు

గౌలిపుర దాటి నాలుగంగలు వేస్తే ఒక పాత దేవిడి వస్తుంది. నవాబు ఎవరో, ఎటు పోయాడో ఎవరికీ తెలియదు గానీ, ఆయన ఇంట్లో ఇప్పుడు ఒక సేవాసంస్థ దవాఖానా నడుపుతున్నది. అందులో అతియాది పెద్ద ఉద్యోగం. ఇంగ్లీషులో దాని పేరు ఎంత పొడుగంటే, డైవర్సిటీ అని మొదలుపెడితే ఇన్‌క్లూజన్ దగ్గరికి వచ్చేసరికి చేతిలో చాయ్ చల్లారిపోతుంది. ఏ కులమైనా, ఏ మతమైనా, ఆడ, మగ, హిజ్రా ఎవరైనా సరే, రోగంతో వచ్చిన మనిషి బయట నిలబడిపోకుండా చూడటం ఆమె పని. చిన్న పనే, చెయ్యనోళ్లకు.

వచ్చిన కొత్తలోనే ఆమె కంట్లో వెనక తలుపు పడింది. ముందు గుమ్మం బజారు మీదికి తెరుచుకుంటుంది. వెనక తలుపు తీస్తే, లావుపాటి మనిషి పక్కకు తిరిగి నడవాల్సినంత ఇరుకు గల్లీ. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నవాళ్లు, బురఖా దించుకున్నవాళ్లు, హిజ్రాలు, మోరీలు తీసేవాళ్లు అందరూ అటునుంచే వచ్చి, మందు మింగి, అటే పోతున్నారు. అతియాకు కడుపు మండిపోయింది.

"పెద్దోళ్లకు ముందు గుమ్మం, వీళ్లకు దొడ్డిదారా? అందరికీ ఒక్కటే గుమ్మం ఉండాలె" అన్నది.

సంస్థ పెద్దసారు విశ్వేశ్వర్ చప్పట్లు కొట్టాడు. చెదలు పట్టిన తలుపు ఊడబీకించి, ఇటుకలు పేర్పించి, సున్నం కొట్టించారు. ముందు గుమ్మానికి పూలదండలు కట్టి, అక్కడా కొత్త గోడ దగ్గరా ఫొటోలు దిగారు.

గోడ తడి ఆరిందో లేదో, చప్పుడు మొదలైంది.

మిట్టమధ్యాహ్నం, జొహర్ నమాజుకు సగం మంది పోయి దవాఖానా సద్దుమణిగినప్పుడు, గోడ మీద టక్... టక్. ఇటుక మీద కొట్టిన చప్పుడు కాదది. చెక్క మీద వేళ్ల కణుపులతో, బెదురుతూ బెదురుతూ కొట్టినట్టు. అతియా చుట్టూ తిరిగి గల్లీలోకి ఉరికింది. ఎండ, ఒక మేక, అంతే. మేకను అనుమానించింది గానీ, అది ఆమెకంటే ఎక్కువ భయపడి ఉంది. మర్నాడూ అదే చప్పుడు. ఆ మర్నాడూ.

"జిన్నాత్, బేటీ. ఫికర్ నక్కో, పరేషాన్ గాకు" అన్నాడు కాపలా ఉండే ముసలాయన దస్తగీర్. "అఫ్జల్‌గంజ్‌ల మా మామకు అత్తర్ల దుకాణముండె. ఒక జిన్ను రోజూ వచ్చి వాసనంతా పీల్చి పోతుండె. సీసా నిండుగనే ఉండేది, వాసన ఉండకపోయేది."

"మరి మీ మామ ఏం చేసిండు చాచా?"

"ఏం చేస్తడు పాపం? జిన్నుకు పడిశం పట్టేదాక ఆగిండు."

ఊడ్చే సక్కుబాయి చీపురు కింద పడేసింది. "జిన్ను లేదు గిన్ను లేదు. వరదల కొట్టుకపోయిన గొల్లామె. బర్రెను దేవులాడుకుంట తిరుగుతున్నది."

"నీ గొల్లామె బర్రెకు దవాఖానల ఏం పని?"

"నీ జిన్నుకేం పని? పడిశం తగ్గలేదా ఇంకా?"

అట్లా లొల్లి నడిచింది. అతియా పెట్టుకున్న ఆశయం మొట్టమొదట దయ్యాల దగ్గర నెరవేరింది. ఎవరి దయ్యం వాళ్లకున్నా, గోడ మాత్రం ఒక్కటే.

అతియా కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ లోపలి బల్ల వైపు చూసి ఆగిపోయింది. మందు మింగేవాళ్లు కూర్చునే బల్ల అది. ఖాళీగా ఉంది. వెనక నుంచి వచ్చినవాళ్లలో ఒక్కరూ ముందు నుంచి రావడం లేదు.

వాళ్లలో శారదమ్మ ఒకామె. గౌలిపురలో పాలమ్ముతుంది. టీబీ. రోజూ నర్సు ఎదుట మాత్రలు మింగాలి. మధ్యలో మానేస్తే రోగం మొండికెక్కుతుంది, ఆ తర్వాత ఏ మందుకూ లొంగదు. అతియా ముందు గుమ్మంలోకి వచ్చి నిలబడి, ఇన్నాళ్లకు బజారును శారదమ్మ కళ్లతో చూసింది. ఎదురుగా చాయ్ హోటల్. పక్కన మిఠాయి దుకాణం. రెండింటికీ పాలు పోసేది శారదమ్మే. ఆమె ఈ మెట్టు ఎక్కడం వాళ్లు ఒక్కసారి చూస్తే చాలు, మరునాటి నుంచి ఆమె పాలు మోరీలో పోసుకోవాల్సిందే.

మెడలో దవాఖానా కార్డు వేసుకొని ఆమె ఇంటికి పోతే బస్తీకంతా దండోరా వేసినట్టే. అందుకని అతియా కార్డు సంచిలో దాచి, ఒక స్టీలు గిన్నె పట్టుకొని గౌలిపుర పోయింది.

శారదమ్మ చిక్కిపోయి ఉంది. పక్కనే కోడలు పేడ ఎత్తుతున్నది.

"అర లీటరు పొయ్యమ్మా" అన్నది అతియా. "మా దిక్కు వస్తనే లేవు?"

శారదమ్మ గుర్తుపట్టింది. పాలు పోసే చెయ్యి మాత్రం తొణకలేదు.

"ఎట్ల వస్త బిడ్డ? నేనొచ్చే తొవ్వ మూసిండ్రు."

"పెద్ద తొవ్వ ఉన్నది కద."

"పెద్ద తొవ్వల మస్తు కండ్లుంటయి. పాలకు దిష్టి తగుల్తది."

"ఏ తొవ్వ అత్తమ్మా?" అన్నది కోడలు.

"బర్రెల తొవ్వ. నువ్వు పేడ జూస్కో." అన్నది శారదమ్మ. దగ్గు తెరలు తెరలుగా వస్తుంటే, పాల వైపు రాకుండా గోడకు తిరిగి దగ్గింది. దగ్గినంతసేపూ గోడ పట్టుకొనే ఉంది.

"ఆ తొవ్వ తెరిపిస్తనమ్మా."

"తెరిస్తే వస్త. మళ్ల మూస్తరేమో?"

"మూయం."

విశ్వేశ్వర్ ఫోన్‌లో తల పట్టుకున్నాడు. "ఆ గోడ ఫొటో దేశాలన్నీ తిరిగొచ్చిందమ్మా. ఇప్పుడు పగలగొడితే ఏమనుకుంటరు?"

"అతియా తప్పు చేసిందనుకుంటరు సార్. అనుకోనియ్యండి."

గోడ కూలుతుంటే దస్తగీర్ పెదవులు కదుపుతూ దువా చదివాడు. సక్కుబాయి ఎల్లమ్మ తల్లికి మొక్కుకుంది. ఇటుకల వెనక గల్లీ తప్ప ఏమీ లేదు. కొత్త తలుపు బిగించి, బార్లా తెరిచి పెట్టారు.

మధ్యాహ్నం శారదమ్మ వచ్చింది. ముఖం మీది కొంగు తీసి బల్ల మీద కూర్చుంది. నర్సు చేతిలో పెట్టిన మాత్రలు ఒక్కొక్కటీ మింగుతుంటే అతియాకు పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది.

"ఇన్నాళ్లు రోజూ తలుపు కొట్టింది నువ్వేనా అమ్మా?" అని నవ్వుతూ అడిగింది.

"నేనా? ఒక్కనాడే వచ్చిన. గోడ జూసి మర్లిపోయిన. చెయ్యి గూడ పెట్టలే."

అతియా నవ్వు అట్లాగే ఉండిపోయింది, దించడం మరిచినట్టు.

"నాతోని ఇంకొకామె కూసుంటుండె" అన్నది శారదమ్మ. "నల్ల బురఖా. పేరు నేనడగలే, ఆమె చెప్పలే. నాకంటె ఆమెకే దగ్గెక్కువ. వస్తలేదా?"

అతియా నర్సు వైపు చూసింది. ఆ బురఖా ఆమె కిషన్‌బాగ్‌లో ఉందని చెప్పిన ఇంటికి నర్సు మొన్ననే పోయి వచ్చింది. అక్కడ అట్లాంటి మనిషే లేదన్నారు. ఎవరికీ తెలియకుండా మందు మింగే మనిషి, సొంత ఇల్లు చూపిస్తుందా?

అప్పుడు తెరిచి ఉన్న తలుపు మీద, అందరి ఎదుటా, టక్... టక్.

గల్లీలో ఎండ తప్ప ఎవరూ లేరు. దస్తగీర్ ఈసారి మామ కథ ఎత్తకుండా దువా అందుకున్నాడు. శారదమ్మ ఒక్కతే బెదరలేదు. గుమ్మం వైపు చూసి, కొంగు దగ్గరికి లాక్కొని, బల్ల మీద కొంచెం పక్కకు జరిగింది.

"రా, ఇట్ల కూసో" అన్నది.

అతియా ఇంకో గ్లాసు తీసుకొని నీళ్ల కుండలో ముంచి, తొణకకుండా తెచ్చి, ఖాళీగా ఉన్న ఆ చోటి ముందు పెట్టింది.