కూతురి పెరుగు

"అది మందు కాదు నాన్నా, ఎన్నిసార్లు చెప్పాలి?" అంది హేమశ్రీ.

దొరబాబు గిన్నె అంచున మిగిలిన గొర్రెపాల పెరుగును వేలితో తీసి నాకాడు. "బీపీ తగ్గించేవి ఇందులో ఉన్నాయని నువ్వే కదమ్మా చెప్పావు."

"పెప్టైడ్లు ఉన్నాయన్నాను. పాలు పులిసేటప్పుడు పుడతాయి. కాలేజీ ల్యాబ్‌లో, గాజుగొట్టంలో పనిచేశాయి. మనుషుల మీద ఇంకా చూడలేదు."

"మరి నేను మనిషిని కానా? నా మీద చూసుకో."

"గొర్రె పెరుగు తిని గొర్రె మొండితనం పట్టుకుంది వీడికి" అంది అరుగు మీద నుంచి అతని తల్లి మాణిక్యాంబ.

వెంకటదుర్గ బీపీ మాత్ర, మంచినీళ్ల గ్లాసు పట్టుకుని ఇంకా నిలబడే ఉంది. "ఏవండీ, రెండూ తీసుకుంటే పోయేదేముంది?"

"రెండూ వేసుకుంటే దేనివల్ల తగ్గిందో ఎలా తెలుస్తుందే?"

ఆ మాట హేమశ్రీదే. ప్రయోగంలో ఒక్కటే మార్చాలి, రెండు కలపకూడదని ఒకసారి అన్నం తింటూ తనే చెప్పింది. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలయ్యాక ఎరువు కోసం పొలాల్లో మంద కట్టిన కాపరి గొర్రెపాలు అమ్మడు. గొర్రెపిల్లలు తాగగా మిగిలితే చెంబుడు పోస్తాడు. దొరబాబు రోజూ వెళ్లి అతన్ని బతిమాలి తెచ్చుకుంటున్నాడు. మాత్రలు ఆపేసింది అప్పటినుంచే.

మండపేట మిల్లులో అతని పని గోతాల మూతులు కుట్టడం. ఊక దుమ్ముకి కనుబొమలు తెల్లబడి ఉంటాయి. పురికొస లాగి లాగి కుడి బొటనవేలు కాయకట్టి, గోరు పక్కకి తిరిగిపోయింది. ఆ రోజు మధ్యాహ్నం అతని చేతిలోంచి దబ్బనం జారింది. చెమటనుకుని చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. మళ్లీ జారింది. వంగి తీయబోతే వేళ్లు కదలలేదు. చేతికేసి చూశాడు. ఎవరిదో చెయ్యి తన ఒళ్లో పెట్టి వెళ్లినట్టుంది. గుమాస్తాని పిలవబోయాడు. మూతి పక్కకి వంగి మాట ముద్దగా వచ్చింది.

ఆసుపత్రిలో డాక్టరు, "మాత్రలు ఎందుకు మానేశారు?" అని అడిగాడు.

హేమశ్రీ నోరు తెరిచింది. దొరబాబు ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"మర్చిపోయానండి" అన్నాడు.

ఇంటికి తెచ్చిన రోజు సాయంత్రం వెంకటదుర్గ అతనికి అన్నం కలిపి ముద్దలు పెట్టింది. పెదవి చివర నుంచి మెతుకులు జారుతుంటే కొంగుతో తుడిచింది. మాణిక్యాంబ గోడకేసి తిరిగి కూర్చుంది. హేమశ్రీ కంచం ముందు ఊరికే కూర్చుంది. ఏం చెప్పినా నాన్న నమ్ముతాడు, మందు కాదని తను చెప్పిన ఆ ఒక్క మాట తప్ప.

దొరబాబు చెయ్యి అడ్డుపెట్టి ముద్ద ఆపాడు. ముగ్గురి వైపూ చూసి, ఒక్కో మాటా కూడదీసుకుంటూ మెల్లగా చెప్పాడు.

"ఇంక మిల్లుకి వెళ్లను. మాత్రలు వేసుకుంటాను." కాసేపు ఊపిరి తీసుకుని, కూతురి వైపు తిరిగి, "పెరుగు మంచిదే అమ్మా. నా ఒళ్లే దానికి సరిపడలేదు. నీ ప్రయోగంలో అలా రాసుకో" అన్నాడు.