చెట్లు లేని దారి

యేసురాజు కంప్యూటర్ పక్క రేకు విప్పి, ఫ్యాన్ మీది దుమ్మును బ్రష్షుతో మూడోసారి దులిపాడు. పన్నెండేళ్ల యంత్రం. కొత్తగా వచ్చిన రైలు నడిపే ఆట పదహారు జీబీల ర్యామ్ అడుగుతోంది. దీనిలో ఉన్నది ఎనిమిదే. తెర మీద ఇంజను రెండు స్తంభాలు దాటేసరికి బొమ్మ బిగుసుకుపోతోంది.

పక్క బల్ల దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే వీరయ్య నవ్వాడు. "ఎద్దు ముసలిదైనంక సుత అరక కడుతున్నవ్ ఏందన్నా? కొత్తది కొనుక్కోమని చెప్పరాదు?"

"చెప్పిన. కొత్తది వచ్చేదాకా ఆగేటట్టు లేడు ఆయన."

ఆయన ప్రభుదాస్. ముప్ఫై ఐదేళ్లు రైలు నడిపిన డ్రైవరు. గుండె పావు వంతే పనిచేస్తోందని, ఇక ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు చెప్పారు. ఇంకొక్కసారి బండి నడపాలని ఆయన కోరిక. భార్య మేబెల్ నిన్న ఈ కంప్యూటర్‌ను మెట్టుగూడ నుంచి ఆటోలో రెజిమెంటల్ బజార్‌లోని ఈ దుకాణానికి తెచ్చి, "నడుస్తదా లేదా, గంతే చెప్పు తమ్ముడూ" అంది.

బలం పెరగనప్పుడు బరువు తగ్గించుకోవాలి. యేసురాజు బతుకులో నేర్చిన లెక్క అదొక్కటే. పంతొమ్మిదేళ్లప్పుడు రైల్వే రాతపరీక్ష గట్టెక్కి, కంటిపరీక్షలో తప్పాడు. ఎరుపూ ఆకుపచ్చా అతని కళ్లకు ఒకటే. అప్పటినుంచి ఇంజను వైపు చూడకుండా పట్టాలు దాటడం అలవాటు చేసుకున్నాడు. తీగలను సైతం రంగుతో కాదు, అవి ఉన్న చోటుతో గుర్తుపడతాడు.

ముందు ఆటలోంచి వాన తీసేశాడు. తరువాత నీడలు, పొలాలు, ప్లాట్‌ఫారం మీది జనం. చెట్ల దగ్గర కాసేపు ఆగి, అవీ తీసేశాడు. పట్టాలు, స్టేషన్లు, సిగ్నళ్లు మిగిలాయి. మధ్యాహ్నానికి బండి ఆగకుండా పరుగెత్తింది.

సాయంత్రం మెట్టుగూడలో యేసురాజు కంప్యూటర్‌ను మంచం ముందు అమర్చాడు. మేబెల్ భర్తను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, ఒడిలో కీబోర్డు పెట్టింది. ప్రభుదాస్ తెర వంక చూశాడు.

"చెట్లేవి?"

"తీసేసిన సార్. అవి ఉంటే బండి కదలదు."

"మంచిగ చేసినవ్. చెట్లు చూసుకుంట నడిపేటోడు డ్రైవరే కాదు. కూసో. అసిస్టెంట్ లేకుండ నేను బండి తియ్య. సిగ్నల్ నువ్వు చెప్పాలె, నేను తిరిగి చెప్పాలె. అదీ రూలు."

తన కళ్ల సంగతి చెప్పబోయి యేసురాజు మానేశాడు. పై దీపమైతే ఆకుపచ్చ, మధ్యదైతే పసుపు, అడుగుదైతే ఎరుపు. అది చాలు. కుర్చీ దగ్గరికి జరుపుకుని వెన్ను నిటారుగా పెట్టాడు.

పై దీపం. "గ్రీన్."

"గ్రీన్" అన్నాడు ప్రభుదాస్.

మధ్యది. "యెల్లో."

"యెల్లో." ఆయన వేలు వేగం తగ్గించింది.

బోసి నేల మీద పట్టాలు ఎదురొస్తున్నాయి. కంటిపరీక్ష తప్పిన ముప్ఫై ఏడేళ్లకు యేసురాజు తొలిసారి ఇంజను కిటికీలోంచి చూస్తున్నాడు. మూడో స్తంభం దగ్గరపడింది.

"గ్రీన్ సార్."

జవాబు రాలేదు. మళ్లీ చెప్పాడు. స్తంభం వెనక్కి పోయింది. ప్రభుదాస్ కళ్లు తెర వైపే ఉన్నాయి. చెయ్యి మాత్రం దుప్పటి మీదికి జారింది. మేబెల్ వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఆ కళ్లు మూసింది.

తరువాతి స్తంభం మీద అడుగు దీపం వెలుగుతోంది. యేసురాజు చెయ్యి చాచి బ్రేకు వేశాడు.

"రెడ్" అన్నాడు. ఆయన బదులు తానే తిరిగి, "రెడ్" అన్నాడు.

మేబెల్ మంచం అంచున కూర్చుంది. "పొద్దుగాల క్యారేజీ కట్టమన్నడు తమ్ముడూ, డ్యూటీ ఉందని. మంచం మీద డ్యూటీ ఏందయ్యా అని నవ్విన. కట్టిన."

తలాపున మూడు గిన్నెల స్టీలు క్యారేజీ, మూత ఊడకుండా పిడిలో చెంచా గుచ్చి, తీసుకుపోవడానికి సిద్ధంగా ఉంది.