సత్యలక్ష్మి వేసిన సర్క్యూటు

నర్సీపట్నంలో సత్యలక్ష్మి వేసే ముగ్గులు ఎండెక్కేదాకా బతికే ఉంటాయి. నెమలిని వేస్తే గింజలేరుకుంటుంది, తామర వేస్తే తుమ్మెదలు మూగుతాయి. పక్కింటి అప్పలకొండమ్మ మాత్రం, "సత్యా, రేపు నెమలొద్దమ్మా, నా వడియాలన్నీ తినేస్తంది" అని గోడమీంచి కేకేస్తుంది. అంతకుమించి ఆ సంగతి ఎవరూ పట్టించుకోరు.

ఆ ఉదయం కళ్లాపి చల్లి ముగ్గుగిన్నె అందుకునేసరికి, కూతురు సాయిప్రియ ఫోన్ పట్టుకుని ఏడుపుముఖంతో అరుగుమీద కూర్చుంది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతోంది. హోంవర్కులో ఒక్కటే లెక్క, ఎల్ఈడీలో కరెంటెంత అని. పుస్తకం వెనక జవాబు పది మిల్లీఆంపులు. తను ఎలా చేసినా సున్నాయే.

"ఇదీ రాకపోతే మానేస్తానమ్మా. ఈ చదువు నాకబ్బదు."

అన్నంత పనీ చేసే పిల్లే. సత్యలక్ష్మి గిన్నె పట్టుకునే అరుగు దగ్గరకొచ్చింది.

"ఫోన్లో ఎవర్నో అడిగేవు కదే, ఏటన్నారు?"

"మా చదువుల వాట్సాప్ గ్రూపులో ఉమామహేశ్వరరావు గారని రిటైరైన మాస్టారున్నారు. జవాబు చెప్పరంట. నువ్వేం చేశావో బొమ్మ పెట్టమ్మా అన్నారు. పెడితే, కోడి కెలికినట్టుంది, పెద్దగా గియ్యమన్నారు."

"గీతలేనా? సెప్పు, నేనేత్తాను."

సాయిప్రియ చెబుతుంటే సత్యలక్ష్మి వాకిట్లో వేసింది. బ్యాటరీ, వంకరటింకర రెసిస్టరు, బాణాలున్న ఎల్ఈడీ. బ్యాటరీ కింద మూడు అడ్డగీతలు, ఎల్ఈడీ కిందా మూడు అడ్డగీతలు.

"అవి గ్రౌండు గుర్తులమ్మా. తీగ అక్కడితో అయిపోద్ది, కరెంటు తిరిగి రాదు. అందుకే సున్నా."

"అయిపోడమేటి? తెగిన ముగ్గు వాకిట్లో వదిలేత్తారేటే!" అంటూ సత్యలక్ష్మి ఆ రెండు కొసలనూ ఒక్క గీతతో కలిపేసింది.

"అయ్యో, ఎందుకు కలిపావమ్మా!" అని సాయిప్రియ అంటుండగానే ముగ్గులో ఎల్ఈడీ ఎర్రగా వెలిగింది. అప్పలకొండమ్మ తొంగిచూసి, "ఇయ్యాల నెమలి లేదు, బతికేను" అని వడియాలు ఎండబెట్టుకుంది.

ఫోటో వెళ్లింది. మాస్టారి దగ్గర్నుంచి వెంటనే కబురొచ్చింది. "గ్రౌండు గుర్తులు ఎన్నున్నా, అన్నీ ఒక్కచోట కలిసున్నట్టేనమ్మా. చక్కగా కలిపావు. ఇప్పుడు లెక్క చెయ్యి." ముగ్గు ఎలా వెలిగిందని ఆయనా అడగలేదు.

సాయిప్రియ అరుగుమీదే లెక్క చేసింది. పది మిల్లీఆంపులు! తల్లిని పట్టుకుని గిరగిరా తిప్పేసింది. ముగ్గుపిండి ఇద్దరి నెత్తినా పడింది. ఆనందం పట్టలేక సత్యలక్ష్మి కళ్లు తుడుచుకుని, ముఖం నిండా పిండి పూసుకుంది.

మానేస్తానన్న పిల్ల ఆ సాయంత్రం మళ్లీ గ్రూపు తెరిచింది. నాతవరం నుంచి సత్యశ్రీ అనే అమ్మాయి, "అక్కా, నాకు సున్నా వస్తోంది" అని పెట్టింది.

"జవాబు చెప్పను చెల్లీ. ముందు నువ్వు గీసిన బొమ్మ పెట్టు" అని రాసి, సాయిప్రియ వంటింట్లోకి కేకేసింది.

"అమ్మా, రేపు కూడా నెమలొద్దు!"